చందా ఆగిన నాడు చేతిలో మిగిలేదేమిటి?



మీరు ఈ పత్రికకు సంవత్సరానికొకసారి చందా చెల్లిస్తారు. ఏదో ఇబ్బంది వల్ల ఒక ఏడాది చెల్లించలేకపోయారనుకోండి. కొత్త సంచిక మీ ఇంటికి రాదు. అంతవరకు వచ్చిన సంచికలు మాత్రం మీ అలమరాలోనే ఉంటాయి. వాటిని మళ్ళీ చదువుకోవచ్చు, బంధువులకు ఇవ్వవచ్చు, పిల్లల కోసం దాచవచ్చు. చందా ఆగిపోయిందని ఎవరూ వచ్చి ఆ పాత సంచికలకు తాళం వేసి వెళ్ళరు. ‘చందా’ అన్న మాటకు మన పెద్దల కాలం నుండి మనకు తెలిసిన అర్థం ఇదే.

నేడు ఆ మాట కంప్యూటర్లలోకి, సెల్‌ఫోన్లలోకి ప్రవేశించింది. అయితే అక్కడ దాని అర్థం మారిపోయింది. మాట పాతదే కావడం వల్ల ఆ మార్పు మన దృష్టికి రావడం లేదు. ఇటీవల మా కుటుంబంలోనే తలెత్తిన ఒక ప్రశ్న ఈ విషయాన్ని లోతుగా ఆలోచించేలా చేసింది. దానిని ఈ నెల మీ ముందుంచుతున్నాను.

మా చెల్లెలి కుమార్తె కర్నూలులో ఉంటుంది. వివాహాలలో స్త్రీల వైపు ఫొటోలు తీయడం ఆమె జీవనోపాధి. జనానాలోకి పురుష ఫొటోగ్రాఫర్‌ను అనుమతించడం ఇష్టంలేని కుటుంబాలు ఆమెను వెతుక్కుంటూ వస్తాయి. ఆమె వారికి ఒక మాట ఇస్తుంది: “ఈ ఫొటోలు మీ ఇంటి గడప దాటవు.” ఆ మాట మీదనే ఆమె వృత్తి నిలబడి ఉంది. మొన్నటివరకు ఫొటోలను సరిదిద్దే పని వేరొక స్టూడియోలో, తనకు పని నేర్పిన ఒక సోదరి వద్ద చేయించుకునేది. ఇప్పుడు సొంతంగా కంప్యూటర్ కొనుక్కుంది. ఇక సాఫ్ట్‌వేర్ కావాలి.

“మామూ, నెలనెలా డబ్బు కట్టేది తీసుకోవాలా, ఒక్కసారి కొనేసేది తీసుకోవాలా? కంప్యూటర్ అమ్మిన అతనేమో ఏదీ కొననక్కరలేదు, నేనే ఉచితంగా ఎక్కించి ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?” అని అడిగింది.

ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానం చెప్పాలంటే ఈ వ్యాపారం ఎలా మారుతూ వచ్చిందో ముందు తెలియాలి.

ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990 ఫిబ్రవరిలో విడుదలైంది. అమెరికాకు చెందిన నోల్ సోదరులు రూపొందించిన ఆ సాఫ్ట్‌వేర్‌ను అడోబీ సంస్థ విక్రయించింది. సుమారు రెండు దశాబ్దాల పాటు దానిని అందరూ పెట్టెలో వచ్చే వస్తువులాగానే కొన్నారు. కొన్న వెర్షన్ కొన్నవారిదే. కొత్తది వస్తే ఇష్టమున్నవారు అదనపు డబ్బు కట్టి తీసుకునేవారు, లేనివారు పాతదానితోనే పని నడుపుకునేవారు. 2012లో వచ్చిన సీఎస్‌6 ఆ వరుసలో చివరిది. ఇకపై కొత్త వెర్షన్లన్నీ చందా పద్ధతిలోనే ఇస్తామని 2013 మే నెలలో అడోబీ ప్రకటించింది. ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా వాడే లైట్‌రూమ్‌కు కొంత వ్యవధి దొరికింది. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 ఒక్కసారి కొనుక్కోగలిగిన చివరి వెర్షన్. 2017 డిసెంబరుతో దానికి మార్పులు చేర్పులు కూడా ఆగిపోయాయి.

ఈ మార్పులో సంస్థకు ఉన్న లాభం స్పష్టమే. ఏటా కొత్త వెర్షన్ అమ్ముడవుతుందో లేదో అన్న బెంగ ఉండదు. నెలనెలా ఆదాయం వస్తుంది. వాడేవారికి ఏ లాభమూ లేదనడం మాత్రం న్యాయం కాదు. మొదటిరోజే పెద్ద మొత్తం పెట్టనక్కరలేదు. కొత్త కెమెరా మార్కెట్లోకి వస్తే దాని ఫైళ్ళు తెరుచుకునే ఏర్పాటు కొద్ది కాలంలోనే అందుతుంది. ముఖాన్ని, ఆకాశాన్ని, దుస్తులను విడివిడిగా గుర్తించి సరిదిద్దే కొత్త సదుపాయాలు వచ్చినప్పుడల్లా చేతికందుతాయి. వృత్తిగా పని చేసేవారికి ఇవి చిన్న విషయాలు కావు.

మరి చందా ఆగిన నాడు ఏమవుతుంది? ఇక్కడే అసలు తేడా ఉంది. లైట్‌రూమ్ క్లాసిక్‌నే తీసుకుందాం. చందా ఆగితే మన ఫొటోలు మాయం కావు. అవి మన కంప్యూటర్‌లోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, ఫొటోలు చూడవచ్చు, వాటి ప్రతులను బయటకు తీసుకోవచ్చు. కాని ఫొటోను సవివరంగా సరిదిద్దే ‘డెవలప్’ విభాగానికి తాళం పడుతుంది. గత ఏడాది సరిదిద్దిన పెళ్ళి ఫొటోలో ఒక చిన్న నీడను మార్చాలన్నా అక్కడ చేయి పెట్టలేము. ఫొటోషాప్ అయితే అసలు పని చేయదు. పొరలు పొరలుగా దాచుకున్న పీఎస్‌డీ ఫైళ్ళను తెరవడానికి వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి. అందులోనూ అన్నీ యథాతథంగా తెరుచుకుంటాయన్న హామీ లేదు. అంటే ఫొటో మనదే, దాని మీద చేసిన శ్రమ మాత్రం సగం మన చేతిలో, సగం వారి చేతిలో ఉంటుంది. ఈ చందా మన పత్రిక చందా వంటిది కాదు. ఇంటి అద్దె వంటిది. అద్దె ఇంట్లో ఉండటం తప్పు కాదు. అద్దె ఇంటిని సొంతిల్లనుకోవడమే పొరపాటు.

“అయితే ఒక్కసారి కొనేస్తే నిశ్చింతే కదా మామూ?” అంది మా మేనకోడలు.

నిశ్చింత అక్కడా పూర్తిగా లేదు. ఇది నేను స్వయంగా అనుభవించి తెలుసుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఫొటో సాఫ్ట్‌వేర్ సీడీని డబ్బు పెట్టి కొన్నాను. మా అమ్మగారి పాత ఫొటోలను స్కాన్ చేసి, మరకలు తుడిచి, మడతలు సరిచేసి, రాత్రుళ్ళు కూర్చుని ఒక ఆల్బమ్ తయారు చేశాను. ఆ సాఫ్ట్‌వేర్ వాటిని తన సొంత పద్ధతి ఫైళ్ళలో దాచింది. తరువాత కంప్యూటర్ మార్చాను. కొత్త కంప్యూటర్‌లో ఆ సీడీ పని చేయలేదు. ఆ సాఫ్ట్‌వేర్ తయారీయే ఆగిపోయింది. ఆ ఆల్బమ్ ఫైళ్ళు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, కాని తెరుచుకోవు. అప్పట్లో ముద్రించిన ఒకే ఒక్క ఫొటో మా చెల్లెలి ఇంట్లో ఉంది. కొన్న వస్తువే అయినా, చివరికి నా చేతిలో మిగిలింది ఆ కాగితమే.

పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్ కొన్నవారికీ ఇటువంటివి ఎదురయ్యాయి. లైట్‌రూమ్ 6 కొన్నవారికి అందులోని మ్యాప్ విభాగం 2018 చివరిలో పని చేయడం మానేసింది. కారణం, ఆ మ్యాప్ వేరొక సంస్థ సేవ మీద ఆధారపడటం. 2019లో యాపిల్ సంస్థ తన కంప్యూటర్ల నిర్వహణ వ్యవస్థను మార్చి 32 బిట్ సాఫ్ట్‌వేర్లకు స్వస్తి పలకడంతో సీఎస్‌6 కొనుక్కున్నవారు ఇరుకున పడ్డారు. పాత వ్యవస్థతోనే ఉండిపోవాలి, లేదా ఆ సాఫ్ట్‌వేర్‌ను వదులుకోవాలి. ఇంకొక విషయం గమనించండి. ఫొటోషాప్ ఎలిమెంట్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చిరకాలంగా ఒక్కసారి కొనుగోలుకు ప్రసిద్ధి. 2025 వెర్షన్ నుండి దాని అనుమతి మూడేళ్ళకే పరిమితమైంది. డబ్బు ఒక్కసారే కడతాము, గడువు మాత్రం ఉంటుంది. కనుక ‘ఒక్కసారి చెల్లింపు’ అన్న మాట చూసి ‘శాశ్వతం’ అని అర్థం చేసుకోకూడదు. ఆ రెండూ వేరు వేరు.

ఎఫినిటీ ఫొటో చరిత్ర కూడా తెలుసుకోదగినదే. ఇంగ్లండుకు చెందిన సెరిఫ్ సంస్థ 2015లో దీనిని తెచ్చింది. ‘చందా లేదు’ అన్నదే దాని ప్రధాన ఆకర్షణ. 2022లో రెండవ వెర్షన్ వచ్చింది. మొదటిది కొన్నవారు దానికి మళ్ళీ డబ్బు కట్టవలసి వచ్చింది. 2024లో కాన్వా సంస్థ సెరిఫ్‌ను కొనుగోలు చేసింది. 2025 అక్టోబరు చివరిలో ఎఫినిటీని ఉచితం చేసింది. ఉచిత ఖాతా తెరిస్తే చాలు. కృత్రిమ మేధ సదుపాయాలకు మాత్రం కాన్వా చందా కావాలి. పదేళ్ళలో ఒకే సాఫ్ట్‌వేర్ ఇన్ని రూపాలు దాల్చింది. నేటి షరతు రేపటికి కూడా ఇలాగే ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ఇక లెక్కకు వద్దాం. ధరలు మారుతూ ఉంటాయి కనుక కేవలం లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. చందా నెలకు 800 రూపాయలు, ఒక్కసారి కొనుగోలు 12,000 రూపాయలు. పదిహేను నెలలకు రెండూ సమానమవుతాయి. అయిదేళ్ళకు చందా 48,000 అవుతుంది. కొనుగోలు చేసినవారు మధ్యలో ఒకసారి 8,000 పెట్టి కొత్త వెర్షన్ తీసుకున్నా మొత్తం 20,000. ఇంతవరకు చూస్తే కొనుగోలే లాభం.

కాని లెక్క అక్కడితో ముగియదు. మా మేనకోడలు ఏడాదికి 24 పెళ్ళిళ్ళు చేస్తుందనుకుంటే ఏటి చందా 9,600 రూపాయలు ఒక్కొక్క పెళ్ళికి 400 చొప్పున పడుతుంది. తనకు అలవాటైన సాఫ్ట్‌వేర్ వల్ల ఒక్కో పెళ్ళికి రెండు గంటలు మిగిలితే, మిగిలిన ఒక్కో గంటకు ఆమె 200 రూపాయలు చెల్లించినట్లు. ఆ గంట విలువ ఆమెకు అంతకంటే ఎక్కువైతే చందా ఖరీదైనది కాదు. అదే సాఫ్ట్‌వేర్‌ను ఈద్‌కు ఒకసారి, బంధువుల పెళ్ళికి ఒకసారి తెరిచే ఇంట్లో ఒక్కో వాడకానికి 4,800 రూపాయలు పడుతుంది. వస్తువు ఒకటే, ధర ఒకటే. ఒక ఇంట్లో అది పెట్టుబడి, మరొక ఇంట్లో దుబారా.

ఆదాయం వచ్చే తీరును కూడా చూడాలి. జీతగాడికి నెలనెలా డబ్బు వస్తుంది. పెళ్ళి ఫొటోగ్రాఫర్‌కు రాదు. రమజాన్‌లో మన ఇళ్ళలో వివాహాలు దాదాపు ఉండవు. ధర్మంలో నిషేధం లేకపోయినా మొహర్రమ్ నెలలో చాలా కుటుంబాలు ఆనవాయితీగా పెళ్ళిళ్ళు పెట్టుకోవు. పని ఉన్నా లేకున్నా చందా మాత్రం ప్రతి నెలా అదే తేదీకి ఖాతాలోంచి వెళ్ళిపోతుంది. “పని లేని రెండు నెలలు ఆపేసి మళ్ళీ మొదలుపెడతాను” అని మా మేనకోడలు అనుకుంది. అందుకే షరతులు చదవమన్నాను. నెలనెలా కట్టేదంతా నెలవారీ ఒప్పందం కాదు. చాలా పథకాలు ఏడాది ఒప్పందాలే. సొమ్మును మాత్రం నెలవారీ వాయిదాలుగా తీసుకుంటారు. అటువంటి అడోబీ పథకాలలో మొదటి 14 రోజులు దాటిన తరువాత రద్దు చేసుకుంటే, మిగిలిన నెలల మొత్తంలో సగం రద్దు రుసుముగా చెల్లించాలన్నది షరతు. మన లెక్క ప్రకారం నాలుగు నెలలు కట్టి ఆపేస్తే మిగిలిన 6,400లో 3,200 సమర్పించుకోవాలి. ఈ రుసుమును వినియోగదారులకు స్పష్టంగా కనబడనీయలేదని ఆరోపిస్తూ అమెరికా ప్రభుత్వం తరఫున 2024 జూన్‌లో ఆ సంస్థపై దావా కూడా దాఖలైంది. అప్పుగానీ ఒప్పందంగానీ వ్రాసుకోవాలన్న శిక్షణ పొందిన సమాజం మనది. వ్రాసి ఉన్నదానిని చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కడం మనకు తగదు.

మన దేశంలో ఒక రక్షణ ఉంది. 2021 అక్టోబరు నుండి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుండి తనంతట తానుగా వెళ్ళే చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకు తెలియజేయాలి. ఆ సందేశాన్ని చూడకుండా తుడిచివేయకండి. అయితే బ్యాంకులో చెల్లింపు అనుమతిని రద్దు చేసినంత మాత్రాన సంస్థతో ఒప్పందం రద్దయినట్లు కాదు. రెండుచోట్లా విడివిడిగా రద్దు చేసి, ఆ రుజువును దాచుకోవాలి.

చందా, కొనుగోలు కాక మూడవ మార్గం కూడా ఉంది. గింప్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1995లో అమెరికాలోని బర్క్లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. నేటికీ అది అందరికీ ఉచితం. 2025 మార్చిలో దాని మూడవ వెర్షన్ వచ్చింది. కెమెరా ఇచ్చే రా ఫైళ్ళను సరిదిద్దడానికి డార్క్‌టేబుల్, రా థెరపీ ఉన్నాయి. ఇవి దొంగచాటు ఉచితాలు కావు. వాడుకోవడానికి, పంచుకోవడానికి తయారుచేసినవారే చట్టబద్ధంగా అనుమతి ఇచ్చారు. వీటికి చెల్లించే మూల్యం డబ్బు కాదు, నేర్చుకునే కాలం. ఈద్ ఫొటోలు, పిల్లల ఫొటోలు, పెద్దల పాత ఫొటోలు సరిచేసుకునే ఇంటికి ఇవి ధారాళంగా సరిపోతాయి.

ఇక కంప్యూటర్ అమ్మిన వ్యక్తి ఎక్కిస్తానన్న ‘ఉచితం’ సంగతి. అది తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్. నకలు అని తెలిసి వాడటం మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం నేరం. ఏడు రోజుల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఆ సెక్షన్ పేర్కొన్న శిక్షలు. ఇతరుల శ్రమను అనుమతి లేకుండా తీసుకోవడం గురించి ఈ పత్రిక పాఠకులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. కాని మా మేనకోడలి విషయంలో అంతకంటే దగ్గరి ప్రమాదం ఒకటుంది. తాళం పగలగొట్టినవాడు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా ఏమి దాచిపెట్టాడో ఎవరికి తెలుసు? అటువంటి నకళ్ళ ద్వారా సమాచారం దొంగిలించే ప్రోగ్రాములు కంప్యూటర్లలోకి చొరబడటం సాధారణం. ఆమె కంప్యూటర్‌లో ఉన్నవి ఆమె ఫొటోలు కావు. ఆమె మాటను నమ్మి ఎందరో సోదరీమణులు అప్పగించిన అమానతు. ఆ అమానతు బయటపడితే ఏ జరిమానా దానిని పూడ్చలేదు.

అదే దృష్టితో చందా పథకాలలోని క్లౌడ్ సదుపాయాన్ని కూడా చూడాలి. క్లౌడ్ అంటే మన ఫొటోలను సంస్థ కంప్యూటర్లలో దాచడం. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఒకే ఫొటో కనబడటం సౌకర్యమే. కాని “గడప దాటవు” అని మాట ఇచ్చిన ఫొటోలను అక్కడికి పంపితే మాట తప్పినట్లవుతుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలను మన కంప్యూటర్‌లోనే ఉంచుకోవచ్చు. క్లౌడ్‌కు పంపే ఏర్పాటును నిలిపివేయవచ్చు. లైట్‌రూమ్ అనే మరొక రూపం మాత్రం ప్రధానంగా క్లౌడ్ మీదనే నడుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నా పని తీరు వేరు. తీసుకునే ముందు ఏది తీసుకుంటున్నామో తెలుసుకోవాలి.

ఇదంతా విన్న తరువాత నేను ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గాను. మా మేనకోడలు ఒప్పుకోలేదు. “మామూ, షవ్వాల్‌లో వరుసగా పెళ్ళిళ్ళున్నాయి. నేను లైట్‌రూమ్ మీదే పని నేర్చుకున్నాను. కొత్తది నేర్చుకుంటూ కూర్చుంటే ఆల్బమ్‌లు ఆలస్యమవుతాయి. మాట పోతుంది” అంది. ఆమె చెప్పినది సబబుగానే తోచింది. చివరకు ఒక ఏడాది చందాను వాయిదాలుగా కాక, పెళ్ళిళ్ళకు వచ్చిన బయానా సొమ్ములోంచి ఒకేసారి కట్టింది. ఖాళీ నెలల బెడద తప్పింది. ప్రతి పెళ్ళి ఖర్చులో 400 రూపాయలు చేర్చి, వచ్చే ఏటి చందా కోసం విడిగా దాస్తోంది. క్లౌడ్‌ను నిలిపివేసింది. పని ముగిసిన ప్రతి ఆల్బమ్‌ను ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే జేపీఈజీ ఫైళ్ళుగా, ముఖ్యమైనవాటిని టిఫ్ ఫైళ్ళుగా తీసి, అసలు ఫొటోలతో కలిపి వేరొక హార్డ్ డిస్కులో భద్రపరుస్తోంది. ఖాళీ నెలల్లో డార్క్‌టేబుల్ నేర్చుకుంటానంది. వచ్చే ఏడు చందా వదిలినా ఆమె చేతులు ఖాళీగా ఉండవు.

కాబట్టి పాఠకులారా, అందరికీ వర్తించే ఒకే సమాధానం ఇందులో లేదు. ఆ పనితోనే సంపాదించేవారు, తమ సమయానికి విలువ కట్టగలిగినవారు షరతులు చదివి చందా తీసుకోవచ్చు. అప్పుడప్పుడు పని ఉండి, ఉన్న సదుపాయాలతో నాలుగేళ్ళు నెట్టుకురాగలవారికి ఒక్కసారి కొనుగోలు మేలు. అయితే గడువు ఉందో లేదో, కొత్త వెర్షన్‌కు ఎంత కట్టాలో ముందే అడగాలి. ఇంటి ఫొటోలకే పరిమితమైనవారు ముందుగా ఉచితమైనవి ప్రయత్నించాలి. మార్గం ఏదైనా, అసలు ఫొటోలను, సరిదిద్దిన ఫొటోల ప్రతులను సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా విడిగా దాచుకోవాలి. ఆ పని నేను ఆనాడు చేసి ఉంటే మా అమ్మగారి ఆల్బమ్ ఈనాడు మా పిల్లల చేతుల్లో ఉండేది.

ఈ నెల మీరు ఒక పని చేయండి. మీ బ్యాంకు యాప్‌లో, యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ అన్నచోట ఏయే చందాలు నడుస్తున్నాయో కుటుంబమంతా కలిసి చూడండి. ఒక్కొక్కదాని ఎదుట మూడు విషయాలు కాగితం మీద వ్రాయండి: దీనిని చివరిసారి ఎప్పుడు వాడాము? ఒప్పందం నెలదా, ఏడాదిదా? రేపు దీనిని ఆపేస్తే మన చేతిలో ఏమి మిగులుతుంది? మూడవ ప్రశ్నకు సమాధానం దొరకని చందా ఏదైనా కనబడితే, రద్దు చేయడానికి ముందు అందులో ఉన్న మీ ఫొటోలను బయటకు తీసి భద్రపరచుకోండి.